బోధకుడు రాజ్యవిషయములు పలుకునప్పుడు

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మన సంఘములలో ఒక ప్రశ్న లేచును. ప్రసంగ పీఠము మీదనుండి ఒక బోధకుడు ప్రభుత్వమును గూర్చియో, ఒక పక్షమును గూర్చియో మాటలాడును. ఆరాధన ముగిసి చెప్పులు తొడుగుకొనునంతలోనే విన్నవారు రెండుగా చీలుదురు. ఈయన ప్రవక్తవలె పలికెనని కొందరు, సువార్తను విడిచి లోకములో పడెనని కొందరు. నిదానించి చూచినచో, ఆ మాట తమకు అనుకూలమైనవారు మొదటి తీర్పును, ప్రతికూలమైనవారు రెండవ తీర్పును చెప్పుచుందురు. ఇది ప్రభువు కొలతయా, మన కొలతయా?

ప్రియ చదువరీ, మన నరసాపురము చరిత్రనుండియే ఈ విచారణ మొదలిడుదము.

1836లో ఆంథనీ నారిస్ గ్రోవ్స్ అను దైవజనుని పిలుపు విని, విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు తమ భార్యలతో ఇంగ్లాండులోని బార్న్‌స్టేపుల్ విడిచి మన దేశమునకు వచ్చిరి. ఒకరు రాతిపనివాడు, మరియొకరు చెప్పులు కుట్టువాడు. జీతమిచ్చు సొసైటీ ఏదియు వారి వెనుక లేదు. వారు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో నిలిచి చేసిన పనియే గోదావరి డెల్టా మిషను అయినది. 1847లో ధవళేశ్వరమువద్ద కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు వేలకొలది కూలీలు అక్కడ చేరిరి. బౌడెన్ వారి మధ్యకు పోయి సువార్త చెప్పెను. 1852లో ఆనకట్ట ముగిసెను. తొలి విశ్వాసులలో మాల కుటుంబములవారు ఉండిరి.

వీరు చేరియున్న సహోదర సంఘముల బోధ ఏమనగా, విశ్వాసి పరలోక పౌరుడు. ఈ లోకపు పదవులకును వాదములకును అతడు ఎడముగా ఉండవలెను. కావున రాజ్యవిషయములలో మౌనము వారికి పిరికితనము కాదు, భక్తి. అయినను ఊరు దూరముగా ఉంచిన మనుష్యుని ప్రక్కను కూర్చుండి, నీవును దేవుని కుమారుడవు కాగలవని చెప్పుట ఒక గొప్ప మాట. అది ఏ సభలోను పలుకబడలేదు గాని, ఊరు దానిని వినకపోలేదు.

అదే కాలమున బంగాళములో మరియొక మిషనరీ వేరు త్రోవ నడచెను. జేమ్స్ లాంగ్ అను ఆంగ్లికన్ మిషనరీ నీలిమందు రైతుల కష్టములను కన్నులార చూచెను. తోటల యజమానులైన దొరలు రైతులచేత బలవంతముగా నీలి సాగు చేయించుచుండిరి. ఆ బాధను గూర్చి దీనబంధు మిత్ర వ్రాసిన ‘నీల్ దర్పణ్’ నాటకమును లాంగ్ ఇంగ్లీషులో అచ్చు వేయించెను. 1861లో ఆ దొరలు ఆయనపై పరువునష్టపు నేరము మోపగా, న్యాయస్థానము ఒక నెల చెరసాలయు, వేయి రూపాయల జరిమానాయు విధించెను. తన జాతివారే, తన మతమువారే ఆయనను చెరకు పంపిరి. రైతులు మాత్రము ఆయనను మరువలేదు.

ఒకడు పలికెను, ఒకడు పలుకలేదు. వీరిలో ఎవరు ప్రభువును పోలినవారు? పలుకుటయా, పలుకకపోవుటయా అనునదే కొలత అయినచో వీరిలో ఒకనిని త్రోసివేయవలసి వచ్చును. సువార్తలు తెరచి చూడుడి. యేసు రెండును చేసెను. హేరోదు తన్ను చంపగోరుచున్నాడని విన్నప్పుడు ఆయన భయపడక ఆ రాజును నక్క అనెను. అయిదువేలమంది రొట్టెలు తిని తన్ను రాజుగా చేయగోరినప్పుడు ఒంటరిగా కొండకు పోయెను. ఆస్తి పంచిపెట్టుమని ఒకడు వేడగా, ఆ తగవు తన పని కాదని చెప్పి, లోభమును గూర్చి హెచ్చరించెను. దేవాలయములో బీదల డబ్బు దోచు వర్తకులను మాత్రము ఊరుకొనక వెళ్లగొట్టెను.

వీటన్నిటిలోను కనబడు గుణము ఏది? నజరేతు సమాజమందిరములో అది తేటగా తెలియును. బీదలకు సువార్త అని ఆయన చదివినప్పుడు ఊరివారందరు మెచ్చుకొనిరి. ఆ మెప్పుతో ఆయన ఆగియుండిన యెడల ఆ దినము సుఖముగా గడచియుండును. కాని ఆయన సారెపతు విధవరాలిని, సిరియ దేశస్థుడైన నయమానును జ్ఞాపకము చేసెను. దేవుని దయ మీకు మాత్రమే చెందిన సొత్తు కాదని తన ఊరివారి ముఖముననే చెప్పెను. వెంటనే మెచ్చిన చేతులే ఆయనను కొండ అంచుకు త్రోసికొనిపోయెను. తన వారికి రుచించనిదైనను సత్యమును తన వారి ఎదుటనే పలుకుట, దాని వెల తానే చెల్లించుట: ఇదియే ఆయన గురుతు.

ఈ గురుతును మన తెలుగు సంఘచరిత్రలోనే చూడవచ్చును. 1909లో తిరునెల్వేలి ప్రాంతమునుండి మిషనరీగా దోర్నకల్ వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తన కాలపు రాజ్యవిషయములలో మౌనముగా ఉండలేదు. 1932లో బ్రిటిషు ప్రధాని మెక్‌డొనాల్డ్ ప్రకటించిన మతవారీ తీర్పు, ఇతర వర్గములతోపాటు భారత క్రైస్తవులకును ప్రత్యేక నియోజకవర్గములను ఇచ్చెను. సంఘనాయకునికి ఇంతకంటె సుళువైన లాభమేమున్నది? అజరయ్యగారు దానిని వ్యతిరేకించిరి. సంఘము ఓట్ల లెక్కలో ఒక జాతిగా ముడుచుకొనిపోయినచో, అది అందరి కొరకైన సాక్షిగా నిలువజాలదని ఆయన తలంపు.

కొలది సంవత్సరములకే ఆయన మరియొక కష్టమైన మాట పలుకవలసివచ్చెను. బీదజనులు గుంపులుగా క్రైస్తవులగుటను గాంధీగారు ఆక్షేపించినప్పుడు, దేశమంతయు గౌరవించు ఆ మహానాయకునితో అజరయ్యగారు ఏకీభవింపలేదు. తన విశ్వాసమును తాను ఎన్నుకొను హక్కు మాల మాదిగలకును ఉన్నదని నిలిచిరి. ఒకసారి తన వారి లాభమునకు ఎదురుగా, మరియొకసారి దేశపు మెప్పుకు ఎదురుగా పలికిరి. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి.

దీనికి మారుగా మరియొక విధమైన నోరును లోకము చూచెను. 1933లో జర్మనీలో లుడ్విగ్ ముల్లర్ అను పాదిరి హిట్లరు అనుగ్రహముతో ఆ దేశ సంఘమునకు బిషప్పు అయ్యెను. ఆయనయు రాజ్యవిషయములు పలికెను. కాని అధికారము మెచ్చునదే పలికెను. దానికి ఎదిరించిన డైట్రిచ్ బాన్‌హోఫర్ అను బోధకుడు 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కెను.

కాబట్టి బోధకుని వినునప్పుడు అతడు మన పక్షమువాడా కాదా అని అడుగక, వేరే ప్రశ్నలు అడుగుదము. ఈ మాటవలన లాభపడునది ఎవరు, నోరులేని బీదవాడా, పలుకువాడేనా? దీనికి వెల చెల్లించునది ఎవరు? ఎదుట లేనివారిని నిందించుచున్నాడా, ఎదుట కూర్చున్నవారికి బుద్ధి చెప్పుచున్నాడా? తాను దూషించు పక్షమువాడు ఆకలితో వాకిట నిలిచినచో అతనికి అన్నము పెట్టునా? ఒక్కొక్కప్పుడు మంచి బోధకుడును పొరబడును, లాభము కోరువాడును నిజము పలుకును. కావున హృదయమును తీర్పు తీర్చు పని దేవునికి విడిచి, ఫలములను మాత్రము చూతము.

తుదకు మన ఇంటికి వత్తము. గత శతాబ్దికి ముందు మిషనరీ స్త్రీలు ఈ ప్రాంతమున నేర్పిన లేసు అల్లిక నరసాపురమునకు పేరు తెచ్చినది. 1982లో అచ్చయిన మరియా మీస్ అను జర్మను విదుషి గ్రంథము, ఆ లేసు అల్లు స్త్రీల సంగతి బయటపెట్టెను. దినమునకు ఆరు ఎనిమిది గంటలు కన్నులు అలయునట్లు అల్లినను, వారికి పొలము కూలికంటె తక్కువ ముట్టుచుండెను. అది పని కాదు, ఇల్లాండ్ర తీరిక కాలక్షేపమని ఎంచబడెను. ఢిల్లీని గూర్చి గట్టిగా పలుకు బోధకుడు, తన సంఘములోనే ముందువరుసలో కూర్చుండి కానుకలిచ్చు వ్యాపారితో కూలి మాట పలుకగలడా? అట్లు పలికినవాడు రాజకీయము పలికెననిన పలుకనిండు. అతడు నజరేతు త్రోవలో ఉన్నాడు.

ఆ మాట మనకే తగిలిన దినమున మనమేమి చేయుదుము? కొండ అంచుకు త్రోయు గుంపులో ఉందుమా, లేక ఇంటికి పోయి పనిమనిషి కూలి సరిచూచుదుమా? బోధకుని తూచుటకు పట్టిన త్రాసులో ముందు మనమే కూర్చుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.