పనిమనిషి నోట నిలిచిన పాటలు

వేల్స్ అనగానే ఇంగ్లండులో ఓ జిల్లా అనుకుంటారు మనవాళ్లు. కార్డిఫ్‌కి కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా మా పెద్దమ్మకి నేను ‘ఇంగ్లండులో ఉండే పిల్ల’నే. ఆ మాట ఇక్కడివాళ్ల చెవిన పడకుండా చూసుకుంటాను. వీళ్ల భాష వేరు, పట్టుదల వేరు. రాజులనీ యుద్ధాలనీ ఏకరువు పెట్టి ఈ దేశాన్ని పరిచయం చెయ్యడం కష్టం, గెలిచిన యుద్ధాలు తక్కువ మరి. దానికన్నా దేవుడి పాటలు కట్టినవాళ్ల సంగతి చెప్పడం నయం.

ముందు ఆ పాటల భాష సంగతి చెప్పాలి. 1536లో లండన్ పార్లమెంటు వేల్సును ఇంగ్లండులో కలిపేసింది. కోర్టుల్లో ఇంగ్లీషే నడవాలంది, ఇంగ్లీషు రానివాడికి కొలువు లేదంది. అదే పార్లమెంటు 1563లో బైబిలును వెల్ష్‌లోకి తర్జుమా చెయ్యమని చట్టం చేసింది. భాష మీద ప్రేమతో కాదు, ఇంగ్లీషు తెలియని జనాన్ని కొత్త మతపద్ధతిలోకి తెచ్చుకోవడానికి. 1588లో విలియం మోర్గాన్ అనే పాదిరి బైబిలంతా వెల్ష్‌లోకి తెచ్చాడు. కచేరీలో నిలువనీడ లేని భాషకి అలా గుడిలో పీట దొరికింది. తర్వాత గ్రిఫిత్ జోన్స్ అనే మరో పాదిరి ఊరూరా తిరిగే బళ్లు పెట్టాడు. పొలం పనులు లేని చలికాలంలో మూణ్ణెల్లు ఒక ఊళ్లో చదువు చెప్పి, పంతులు ఇంకో ఊరికి పోయేవాడు. 1761లో ఆయన పోయేనాటికి ఇలాంటి బళ్లు 3,000కు పైగా నడిచాయి. అయితే అక్కడ నేర్పింది చదవడం ఒక్కటే. రాయడం నేర్పలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

వీళ్ల పాటల రచయితల్లో పెద్దవాడు విలియం విలియమ్స్ (1717–1791). ఇంటిపేరూ ఒంటిపేరూ ఒకటే కావడంతో జనం ఆయన్ని పొలం పేరుతో ‘పాంటకెలిన్’ అని పిలుస్తారు. డాక్టరు కావలసినవాడు. టాల్గార్త్ చర్చి ఆవరణలో హావెల్ హారిస్ అనే మెథడిస్టు బోధకుడి ప్రసంగం విని దారి మార్చుకున్నాడు. మెథడిస్టులతో తిరుగుతున్నాడని చర్చి పెద్దలు పూర్తి గురువు పట్టం ఇవ్వలేదు. అదీ మంచిదే అయింది. ఒక్క చర్చికి కట్టుబడకుండా బతుకంతా గుర్రం మీద దేశం తిరిగాడు, దారిలో తేయాకు కూడా అమ్మాడు, 800కు పైగా పాటలు రాశాడు. కొండలు, చీకటి, దారి తప్పిన బాటసారి ఆ పాటల్లో మళ్లీ మళ్లీ వస్తాయంటే రావూ మరి! అబరిస్ట్విత్ యూనివర్సిటీలో వెల్ష్ మాట్లాడే పిల్లల హాస్టలుకి ఇవాళ్టికీ ఆయన పేరే.

నన్నడిగితే మాత్రం పాంటకెలిన్ కంటే ఆన్ గ్రిఫిత్స్ గొప్పది. 1776లో మాంట్‌గమరీషైర్ కొండల్లో డోల్వర్ వాఖ్ అనే రైతింట్లో పుట్టింది. నాట్యమంటే పడిచచ్చేది. తల్లి పోయాక ఇంటి బరువు నెత్తిన పడింది. ఇరవయ్యో ఏడు వచ్చేసరికి భక్తిలో పడింది. ప్రభురాత్రి భోజనం కోసం కొండదారిన 20 మైళ్లకు పైగా నడిచి బాలా పట్నానికి వెళ్లేది. అక్కడి బోధకుడు థామస్ చార్ల్స్. మన ఇళ్లలో తెలుగు బైబిలు మీద పేరుండే బైబిల్ సొసైటీకి మూలమైన లండన్ సంస్థ 1804లో పుట్టడానికి కారకుల్లో ఆయనొకడు.

ఆన్‌కి పాటలు వాటంతటవే వచ్చేవి. కాగితం మీద పెట్టేది కాదు, ఇంట్లో పనిచేసే రూత్ ఎవన్స్‌కి వినిపించేది. 1804లో పెళ్లయింది. మరుసటేడు బిడ్డ పుట్టింది, రెండు వారాలకే పోయింది. ఆ వెనకే 29 ఏళ్ల ఆన్ కూడా పోయింది. పాటలన్నీ రూత్ తలలో మిగిలాయి. ఆమెకి రాయడం రాదు! అదే ఏడు ఆమె పెళ్లాడిన జాన్ హ్యూస్ నేతపని వదిలి బడిపంతులై, ఆపైన బోధకుడైన మనిషి. రూత్ ఒక్కో చరణం చెబుతుంటే ఆయన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. 1806లో థామస్ చార్ల్స్ చొరవతో అవి అచ్చయ్యాయి. మొత్తం డెబ్బై చరణాల పైచిలుకు. ఆన్ స్వదస్తూరీతో మిగిలింది స్నేహితురాలికి రాసిన ఒక ఉత్తరం, అందులో ఒకే ఒక్క చరణం. దాన్ని అబరిస్ట్విత్‌లోని నేషనల్ లైబ్రరీలో భద్రంగా దాచారు. నాకు మాత్రం ఆ ఉత్తరం కన్నా రూత్ జ్ఞాపకమే పెద్ద గ్రంథాలయం అనిపిస్తుంది. పండితులు ఆన్ మీద పుస్తకాలు రాశారు, రూత్‌కి దక్కింది ఒకట్రెండు పేరాలు.

పాటలున్నాయి సరే, జనమంతా నాలుగు గొంతుల్లో పాడడం ఎలా నేర్చారు? పంతొమ్మిదో శతాబ్దంలో టానిక్ సోల్ఫా అనే పద్ధతి వచ్చింది. గీతల మీద గుండ్లు పెట్టే ఖరీదైన అచ్చు అక్కర్లేదు. డో రే మీలకి బదులు d, r, m లాంటి పొడి అక్షరాలు, తాళానికి మధ్యలో చుక్కలు. సరిగమలు రాసుకున్న మన నోటు పుస్తకంలాగే ఉంటుంది. గనిలో బొగ్గు తవ్వేవాడు సాయంత్రం చాపెల్‌కి, అంటే మెథడిస్టుల్లాంటివాళ్ల ప్రార్థనామందిరానికి, పోయి ఆ అక్షరాలు చూసి పాడేవాడు. 1859లో జాన్ రాబర్ట్స్ అనే సంగీతకారుడు అబర్‌డేర్‌లో అచ్చంగా కీర్తనల కోసమే జనాన్ని పోగేశాడు. ఊళ్లన్నీ కలిసి పాడే ఆ ‘కమాన్వా గానీ’ ఆనవాయితీ ఇంకా ఉంది. చాపెళ్లు మాత్రం చాలావరకు మూతపడి ఫ్లాట్లయ్యాయి, గోడౌన్లయ్యాయి.

ఇక వీళ్ల కీర్తనల్లో బాగా ప్రసిద్ధమైన ఒక బాణీ సంగతి. కట్టినవాడి పేరూ జాన్ హ్యూసే! మన ఊళ్లో నలుగురు సుబ్బారావులున్నట్టు ఇక్కడ అందరూ జాన్ హ్యూసులే. ఈయన పన్నెండేళ్లకే గనిలో పనికి కుదిరినవాడు, తర్వాత రైల్వే గుమాస్తా. పాంటిప్రిడ్ దగ్గర ఒక చాపెల్లో 1907లో కొత్త ఆర్గన్ పెట్టినప్పుడు ఈ బాణీని పాడించాడు. పేరు ‘కూమ్ రోంద’. ఇంగ్లీషులో దీనికి పాంటకెలిన్ మాటలు, వెల్ష్ చాపెల్లో ఎక్కువగా ఆన్ మాటలు. రగ్బీ మ్యాచిలో పాడేది ఇంగ్లీషుదే. చివరి పాదం మొదటిసారి ముగిసేచోట కింది గొంతులు ఆ చివరి మాటల్నే మళ్లీ అందుకుని మెట్టుమెట్టుగా పైకెక్కుతాయి. అది బృందంలో కొందరి కోసం రాసిన ముక్క. కార్డిఫ్ స్టేడియంలో మాత్రం చర్చి గడప తొక్కనివాళ్లు, బీరు గ్లాసులు పట్టుకున్నవాళ్లు సహా అందరూ ఆ కింది గొంతే పాడతారు.