పైన్ వీధి మేడ మీది స్తూపం

అమెరికా వచ్చిన తల్లిదండ్రులకి ఇక్కడి మనవాళ్ళు గోల్డెన్ గేట్ వంతెన చూపిస్తారు, మాల్స్ చూపిస్తారు, ఆదివారం లివర్‌మోర్ గుడికి తీసుకెళ్తారు. మా మామయ్యగారిది అనకాపల్లి. చిన్నప్పటినుంచీ కనుమనాడు శంకరం వెళ్ళి, పాత బౌద్ధ స్తూపాలున్న బొజ్జన్నకొండ ఎక్కిన మనిషి. "ఇక్కడ పాత బౌద్ధ క్షేత్రాలేవీ లేవా అల్లుడుగారూ?" అని అడిగారు. ఉన్నాయన్నాను. ఎంత పాతవో మాత్రం కారెక్కేదాకా చెప్పలేదు.

మొదట శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోని జపనీస్ టీ గార్డెన్‌కి వెళ్ళాం. 1894 ప్రదర్శన కోసం వేసిన తోట అది. నీడ లేకుండా ఎండావానల్లో కూర్చున్న కంచు బుద్ధుణ్ణి 1790లో జపాన్‌లో పోతపోశారు. 1949లో గంప్స్ అనే దుకాణంవాళ్ళు తోటకిచ్చారు. పలక మీది తేదీ చూసి మామయ్యగారు "నిన్నగాక మొన్నటివాడు" అని తేల్చేశారు. ఎర్రటి పగోడా ఇంకా చిన్నది, 1915 ప్రదర్శనలో మిగిలిన సరుకు. అత్తయ్యగారు టీ తాగుతూ ఫార్చ్యూన్ కుకీ విరిచి, లోపలి జోస్యం మాచేత చదివించుకున్నారు. చైనా హోటళ్ళలో ఇచ్చే ఈ బిస్కట్టుని అమెరికాకి అలవాటు చేసింది ఈ తోట నడిపిన మకోటో హాగివారా అనే జపనీయుడని చెప్తారు.

శిథిలాలు కూడా కావాలన్నారు. అవీ ఉన్నాయి, దిగుమతి చేసుకున్నవి! పత్రికాధిపతి హర్స్ట్ 1931లో స్పెయిన్‌లో ఒక పాత క్రైస్తవ మఠం కొని, ఊడదీయించి, రాళ్ళని ఓడలకెక్కించాడు. కట్టే డబ్బు లేక నగరానికి అప్పగిస్తే, ఏళ్ళ తరబడి ఆ రాళ్ళు పార్కులో పడున్నాయి. కొన్ని ఇప్పటికీ పార్కులోని తోటల్లో కనిపిస్తాయి. మామయ్యగారు ఇంతలా నవ్వడం నేను చూడలేదు.

అసలు చూడాల్సిన బౌద్ధ ఆలయం పైన్ వీధిలో ఉంది. 1899లో సోనోడా, నిషిజిమా అనే ఇద్దరు జపాన్ అర్చకులు ఈ ఊళ్ళో దిగి, వలస కూలీల కోసం ధర్మబోధ మొదలుపెట్టారు. ఇప్పుడున్న కట్టడం 1938 నాటిది. పై డాబా మీద తెల్లటి స్తూపం ఉంది. సయాం నుంచి 1935లో వచ్చిన బుద్ధధాతువులు అందులో ఉన్నాయి. లోపల చర్చిలోలాగా బల్లలు! ధాతువులనేసరికి మామయ్యగారికి భట్టిప్రోలు స్తూపం గుర్తొచ్చింది, అక్కడ దొరికిన ధాతువుల పెట్టెల కథ ఆ గుళ్ళోనే ఒక జపాన్ పెద్దాయనకి సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పారు. బొజ్జన్నకొండని పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించిన 1906లోనే ఈ ఊరు భూకంపంలో కూలి తగలబడిందని నేను అందుకున్నాను.

ఈ దేశపు చరిత్రలో మనవాళ్ళకి పెద్దగా తెలియనిది ఆ తర్వాతి భాగం. పెర్ల్ హార్బర్ దాడి జరగ్గానే బౌద్ధ అర్చకుల్ని ఎఫ్‌బీఐ పట్టుకెళ్ళింది. 1942లో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్ళని దాదాపు 1,20,000 మందిని శిబిరాలకి తరలించారు. వాళ్ళలో మూడింట రెండొంతులు ఇక్కడే పుట్టిన పౌరులు. తోటలోనే కాపురమున్న హాగివారా కుటుంబాన్ని పంపేసి, తోట పేరులోంచి 'జపనీస్' తీసేశారు. ఆ పేరు మళ్ళీ 1952లో గానీ రాలేదు, కుటుంబం మాత్రం తిరిగి రాలేదు. 1944లో యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరంలో ఉండగానే ఈ బౌద్ధులు తమ సంస్థ పేరుని 'బుద్ధిస్ట్ చర్చెస్ ఆఫ్ అమెరికా' అని మార్చుకున్నారు. మేమూ ఈ దేశస్థులమే అని చెప్పుకోవడానికి అంతకన్నా వేరే దారి కనిపించలేదేమో. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లిచ్చింది. ఆలస్యమైన న్యాయం, కానీ న్యాయమే.

మన సంగతీ వేరు కాదు. 1917 చట్టం భారతీయులకి తలుపు మూసింది, 1924 చట్టం జపనీయులకి. జాతి మూలాన్ని బట్టి పెట్టిన కోటాలు 1965 చట్టంతో గానీ పోలేదు. మన తెలుగువాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా పెద్ద సంఖ్యలో దిగింది ఆ తర్వాతే. ఇక్కడి మన సభల్లో మన విజయాల గురించి దంచే ఉపన్యాసాల్లో ఈ మాట వినపడదు, అది నాకు నచ్చదు.

పిల్లల దగ్గరికి శాన్ ఫ్రాన్సిస్కో వైపు వస్తే, మాల్ ఒక పూట మానిపించి పైన్ వీధికి తీసుకెళ్ళమని అడగండి. ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతుంది, ఎవరైనా కూర్చోవచ్చు.