పాత వెండి రూపాయి: తోమారా, లేదా?

దాదీమా పెట్టెలో నిజాం కాలపు చార్మినార్ రూపాయో, 11.66 గ్రాముల విక్టోరియా రూపాయో దొరికితే ముందు తోమకండి. సింహాచలం, విశాఖ వైపు తేమ గాలికి వెండి తొందరగా నల్లబడుతుంది. గాలిలోని గంధకం వల్ల పట్టే ఆ పొర నాణెం వయసుకు గుర్తు.

తోమిన నాణేన్ని ఇలా గుర్తుపట్టవచ్చు. అంచులు పట్టుకుని లైటు కింద మెల్లగా తిప్పుతూ భూతద్దంతో చూడాలి. ఒకే దిశలో సన్నటి గీతలు కనిపిస్తే గుడ్డతోనో పొడితోనో రుద్దినట్టే. బొమ్మ బాగా అరిగినా నాణెం కొత్తదానిలా మెరుస్తుంటే అనుమానించాలి. అక్షరాల సందుల్లోనే నలుపు మిగిలి, చుట్టూ తళతళలాడినా అంతే. యాసిడ్‌లో ఎక్కువసేపు ముంచినదైతే తెల్లగా, కళ తప్పి ఉంటుంది.

తోమినా వెండి ధర వస్తుంది. నాణేలు సేకరించేవాళ్లు ఇచ్చే పై ధర మాత్రం పడిపోతుంది. పోయిన పొరను మళ్లీ తేలేం.