బీడునేలలోని మంచుమొక్క

ఒక నేల చరిత్రను వ్రాయువారు సాధారణముగా దానిపై వెలసిన నగరములను గూర్చియు, దానికొఱకు జరిగిన యుద్ధములను గూర్చియు వ్రాయుదురు. కాని ఆ నేలను మనుష్యులు ఏ పేరుతో పిలిచినారన్నది కూడ చరిత్రయే. ఛత్తీస్‌గఢ్ మైదానములోని సేద్యగాడు తన భూమిని నాలుగు తెగలుగా విభజించినాడు. నల్లరేగడిని పోలినది కన్హార్; పసుపువన్నె గలది మటాసీ; ఆ రెంటి నడిమి గుణము గలది డోర్సా; మెరకలపై ఎఱ్ఱకంకరతో నిండినది భాటా. భాటాలో అరికల వంటి మొండిపంటలు తప్ప మంచి పైరు నిలువదు. కావున అది పశువుల మేతకు విడువబడినది. దానిని ఎవరును పెద్దగా కోరలేదు. కోరని భూమికి బీడు అని పేరు వచ్చినది.

ఇరువదవ శతాబ్ది నడుమ ఈ ప్రాంతపు జాతకము మారినది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వములు ఉక్కు కర్మాగారమును గూర్చి ఒడంబడిక చేసికొన్నవి. పది లక్షల టన్నుల ఉక్కును తీయగల కర్మాగారమునకు దుర్గ్ జిల్లాలోని భిలాయీ స్థానమైనది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. దల్లీ-రాజహరా కొండలనుండి ఇనుపరాయి, నందినీనుండి సున్నపురాయి, తాండులా జలాశయమునుండి నీరు అచ్చటికి చేరినవి. దేశపు నలుమూలలనుండి పనివారు వచ్చినారు. వారిలో తెలుగువారును చాలమంది కలరు. ఊళ్లు సెక్టార్లుగా మారినవి. ఇది ఒక జాతి తన కాళ్లపై తాను నిలిచిన కథ. దీనిని తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు. కాని ఇనుమును దాచుకొన్న ఎఱ్ఱనేలకు మరియొక కాపురస్థుడు కూడ ఉన్నాడు.

కంకరనేలపై వాన పడినపుడు నీరు అడుగునకు ఇంకజాలక, ఏటవాలుగా ఊటలై పైకి వచ్చును. ఆ ఊట మట్టిలోని సారమునంతయు కడిగివేయును. తడి పుష్కలము, ఆహారము శూన్యము: ఇట్టి చోటనే డ్రోసెరా అను మొక్క పెరుగును. గ్రీకుభాషలో ద్రోసోస్ అనగా మంచు. ఆకులపై నిలిచిన ఎఱ్ఱని రోమముల కొనలయందు జిగురుబిందువులు మంచువలె మెరయుచుండును. ఆ మెరుపునకు ఆశపడి వ్రాలిన దోమయో చీమయో అందు చిక్కుకొనును. రోమములు మెల్లగా వంగి దానిని చుట్టుకొనును. ఆకు దాని సారమును గ్రహించును. మట్టి ఇయ్యని నత్రజనిని మొక్క ఆకాశమునుండి వేటాడి తెచ్చుకొనుచున్నదన్నమాట.

ఐరోపాలో ఈ జాతి మొక్కలు పీట్ బురదనేలలలో ఏడాది పొడుగునను జీవించును. మధ్య భారతమున అట్టి శాశ్వతమైన బురద లేదు. వానకాలముతో వచ్చి చలికాలముతో పోవు తడియే ఉన్నది. భారతదేశమునందు బాగుగా తెలిసిన డ్రోసెరాలు మూడు. వానిలో బర్మానీ, ఇండికా అనునవి ఛత్తీస్‌గఢ్‌లోను, తెలుగుదేశపు ఎఱ్ఱనేలలలోను కానవచ్చును. పెల్టాటా కొండసీమలది. బర్మానీ రూపాయి బిళ్లవలె నేలకు అంటుకొని ఉండును; దాని అంచు రోమములు కొన్ని క్షణములలోనే వంగును. ఇండికా సన్నని ఆకులతో నిటారుగా లేచును. నేల ఎండగానే ఇవి మాయమగును. ధూళివంటి విత్తనములు మాత్రము మరుసటి వానకై మట్టిలో వేచియుండును.

1753లో లిన్నేయస్ ఇండికాకు పేరు పెట్టినాడు. 1794లో వాల్ బర్మానీకి పేరు పెట్టినాడు. అయినను మొక్క ప్రాణిని తినునన్న మాట పండితులకు చాలకాలము రుచింపలేదు. 1860 వేసవిలో చార్లెస్ డార్విన్ ఇంగ్లండులోని ఒక బీటిలో ఈ మొక్కను చూచి, పదునైదేండ్లు పరీక్షలు జరిపి, 1875లో కీటకాహార వృక్షములపై గ్రంథమును ప్రకటించినాడు. వెండ్రుక తునుక వేసినను రోమము వంగునని, వానచినుకు పడినచో వంగదని ఆయన చూపినాడు. ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1878లో, మాంసము పెట్టిన మొక్కలు పెట్టనివానికంటె ఎక్కువ విత్తనములు కాచునని నిరూపించినాడు.

ఇట్టి మొక్కను నరికి చంపనక్కరలేదు. దాని నేలను బాగుచేసిన చాలును. ఎరువు పారినచో గడ్డి పెరిగి దానిని కప్పివేయును. కాలువ త్రవ్వినచో ఊట తెగును. రోడ్లకొఱకు మొరము తీసినచో విత్తనములు మట్టితోపాటు పోవును. బీడును పచ్చగా చేయవలెనని నీలగిరి చెట్లు నాటుటయు దానికి మేలు కాదు. ఔషధములకై వేళ్లతో పెరికివేయుట మరియొక ప్రమాదము. బీడన్న పేరే ఇచ్చట శత్రువు. ఏలనగా ఏమియు లేదని తలచిన చోట ఏమి పోయినదో ఎవరును లెక్కింపరు.

చట్టము కూడ ఈ మొక్కను సగమే చూచినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో 1991లో మొక్కలకు ఒక అధ్యాయము చేర్చినారు. మేఘాలయపు కూజామొక్క, అనగా నెపెంథిస్ ఖాసియానా, ఆ రక్షణలోనికి వచ్చినది. అదియును కీటకములను తినునదే; కాని డ్రోసెరాలకు ఆ జాబితాలో చోటు దొరకలేదు. 2017 నాటి చిత్తడినేలల నియమములు వరిపొలములను, సేద్యమునకు కట్టిన చెరువులను విడిచిపెట్టినవి. నాలుగు నెలలు మాత్రమే తడిసియుండు కంకరవాలు ఏ పటములోను కానరాదు. జర్మనీలో స్థానిక డ్రోసెరాలన్నిటిని చట్టము కాపాడుచున్నది. పీట్ నేలలు చాలవఱకు ఎండిన పిమ్మట వచ్చిన తెలివి అది.

భారతదేశములో ఉపాయము లేకపోలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థలోను ఒక సంఘమును, ఆ ఊరి ప్రాణికోటిని వ్రాసియుంచు ఒక పుస్తకమును కోరుచున్నది. అంతరించు జాతులను ప్రకటించు మార్గమును కూడ ఆ చట్టము చూపినది. వానలు వెలసిన కార్తిక మాసములో గ్రామస్థులు, బడిపిల్లలు భాటా వాలులను నడిచి చూచి ఆ పుస్తకములో గుర్తింపవచ్చును. దానికి కంచెకంటె, కాపలాకంటె ముందు కావలసినది ఒక నిర్ణయము: ఊట మార్గమును త్రవ్వకుండుట, మేతభూమిని మేతభూమిగానే ఉండనిచ్చుట.

భిలాయీ కొలిమి ఎఱ్ఱరాతినుండి ఉక్కును తీసి, ఆ నేల విలువను దేశమునకు చాటినది. అదే నేలపై ఒక అంగుళమాత్రపు మొక్క, ఏమియు ఇయ్యని మట్టిలో, వానకాలపు నీటిని నమ్ముకొని బ్రతుకుచున్నది. మొదటిదానికి ఒడంబడికలు, పటములు, లెక్కలు ఉన్నవి. రెండవదానికి ఊరి పుస్తకములో ఒక పంక్తి చాలును. ఆ పంక్తి వ్రాయబడిననాడు భాటా బీడుగా మిగులదు.