నేటాలులో తెలుగు కాపురములు

మన పెద్దపల్లి ప్రాంతమున బ్రతుకుదెరువు కొరకు పోవు చోట్లను గూర్చి జనుల నోట ఒక మాట ఉన్నది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మాటలో మూడును ఒకే తాళమున పడినవి గాని బ్రతుకులో అవి మూడును ఒకటి కావు. గోదావరిఖని బొగ్గుబాయిలో దిగినవాడు నాలుగు నెలలకో ఏడాదికో భార్యను, పిల్లలను తెచ్చుకొని గుడిసెయో క్వార్టరో చూచుకొనెను. బొంబాయి పోయినవారిలో కొందరు కుటుంబములతో అక్కడనే నిలిచిపోయిరి. దుబాయి పోయినవాడు మాత్రము చాలవరకు ఒంటరిగానే పోయెను. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత మొదలైన ఈ ప్రయాణము నేటికిని ఆగలేదు. మన ఆరాధనలలో స్త్రీలు కూర్చుండు వైపు నిండుగాను, పురుషుల వైపు పలుచగాను ఉండు గ్రామములు ఎన్నియో మీరు ఎరుగుదురు. డబ్బు వచ్చును, మనిషి రెండేండ్లకొకమారు వచ్చును, కాపురము మాత్రము ఊరిలోనే ఉండును.

పరదేశమునకు పోయి అక్కడ కాపురము పెట్టుట అనగా ఏమి? జీతము దొరికినంత మాత్రమున అది జరుగునా? దీనికి మన తెలుగువారి చరిత్రలోనే ఒక పెద్ద ఉదాహరణము గలదు. అది దక్షిణ ఆఫ్రికాలోని నేటాలునకు పోయిన వారి కథ. వారు మన జిల్లాల వారు కారు. ఎక్కువమంది మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల వారు. అయినను వారిలో క్రైస్తవులు ఉండిరి, వారి వెనుక ఒక తెలుగు కాపరి సముద్రము దాటి పోయెను, వారికి వచ్చిన కష్టములలో పెద్దవి కాపురమునకు సంబంధించినవే. కనుక ఆ కథను మన సంఘస్థులు తెలిసికొనుట మంచిదని వ్రాయుచున్నాను.

నేటాలు ఆనాడు ఆంగ్లేయుల వలస రాజ్యము. అక్కడ చెరకు బాగుగా పండెను గాని తోటలలో తెల్లవారు ఇచ్చు కూలికి పనిచేయువారు చాలినంతమంది దొరకలేదు. కాబట్టి భారతదేశము నుండి ఒప్పందముపై కూలీలను రప్పించిరి. 1860వ సంవత్సరము అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరెను. అందు 342 మంది వచ్చిరి. అది మొదలు 1911లో భారత ప్రభుత్వము ఈ పద్ధతిని ఆపువరకు 1,52,000 మందికి పైగా నేటాలు చేరిరి. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు నుండి ఎక్కినవారు, అనగా తమిళులు, తెలుగువారు.

ఓడ జాబితాలో ప్రతి మనిషికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చలు వ్రాసిరి. మొదటి ఓడ జాబితాలో చాలమంది తెలుగువారికి కులము అను చోట "జెంటూ" అని వ్రాసిరి. అది ఆంగ్లేయులు తెలుగువారిని పిలుచు పాత పేరు. అదే చోట "క్రైస్తవుడు" అని వ్రాయబడినవారు కూడ ఆ ఓడలో పదుల సంఖ్యలో ఉండిరి. గుమస్తాకు క్రీస్తు మతమును ఒక కులమే.

ఒప్పందము మొదట మూడేండ్లు, తరువాత అయిదేండ్లు. పురుషునికి మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు, ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెంపు. స్త్రీకి అందులో సగము. దానితో పాటు బియ్యము, పప్పు, ఉప్పు, నూనె లేక నెయ్యి, ఎండుచేపలు రేషనుగా ఇచ్చెడివారు. బియ్యము బదులు మక్కపిండి ఇచ్చుటయు కలదు. అన్నము తిని పెరిగిన కోస్తావారికి అది మింగుడు పడలేదు. మన వైపు వారు పోయియుండినచో మక్కగట్క వారికి కొత్త కాకపోవును!

ఇల్లు అనగా తోటలో వరుసగా కట్టిన కొట్టములలో ఒక గది. యజమాని వ్రాసి ఇచ్చిన చీటీ లేనిదే తోట దాటి పోరాదు. ప్రక్క తోటలో చెల్లెలున్నను అంతే. ఇటువంటి చోట కాపురము ఎట్లు నిలిచెను? ఇక్కడ స్త్రీల లెక్క చెప్పవలెను. నూరుగురు పురుషులకు నలభైమంది స్త్రీలు ఓడ ఎక్కవలెనని నియమము పెట్టిరి. అంతకు మించి తోట యజమానులు కోరలేదు, ఏలయనగా వారికి కావలసినది చెరకు నరుకు చేతులే. దీని ఫలితము ఊహింపవచ్చును. అరవైమంది పురుషులకు తమవారిలో పెండ్లి అను మాట లేకపోయెను. కలిగినవారును ఊరిలో వలె వెదకి చేసికొనలేదు. కులము చూడలేదు, భాష కూడ చూడలేదు. తెలుగు పిల్లను తమిళుడు చేసికొనెను, తమిళ పిల్ల తెలుగింటి కోడలయ్యెను. మన పెద్దలు బోధకుల నోట ఎన్ని ప్రసంగములు వినియు వదలని దానిని అక్కడ కొట్టపు గది కొంత వదలించినది. కొంత మాత్రమే. తరువాత తరములలో నాయుడు, రెడ్డి అను మాటలు ఇంటిపేర్లుగా స్థిరపడి, వాటితో పాటు పాత పట్టింపులును కొన్ని తిరిగి వచ్చినవి.

ఒప్పందము ముగిసినవారు పదేండ్లు నిండినచో ప్రభుత్వ ఖర్చుతో తిరిగి రావచ్చును. చాలమంది రాలేదు. డర్బను చుట్టు చిన్న చిన్న చెలకలు కౌలుకు తీసికొని కూరగాయలు పండించి, గంపలలో మోసి ఇంటింట అమ్మిరి. కొందరు రైల్వేలోను, డర్బను మునిసిపాలిటీలోను చేరిరి. మరికొందరు ఉత్తర నేటాలులోని బొగ్గు గనులకు పోయిరి. చెలక కాపురమే మొదటి నిజమైన కాపురమని నా అభిప్రాయము. అక్కడ స్త్రీకి సగము కూలి అను లెక్క పోయెను. విత్తునది, కోయునది, అమ్మునది ఆమెయే. కరివేపాకు, మునగ, మామిడి పెరటిలోకి వచ్చినవి.

ఈ కూరగాయల గంపలు, ఈ చిన్న దుకాణములు తెల్లవారికి కంటగింపు అయ్యెను. కూలివాడు కావలెను గాని పొరుగువాడు వద్దు. కనుక 1895లో ఒక చట్టము చేసిరి. ఆ చట్టము తరువాత వచ్చినవారు ఒప్పందము ముగిసినప్పుడు మరల కూలికి ఒప్పుకొనవలెను, లేక దేశమునకు తిరిగి పోవలెను, ఈ రెండును కాదన్నచో ఏటేట 3 పౌనుల పన్ను కట్టవలెను. 1903లో ఆ పన్నును పదునారేండ్లు నిండిన కొడుకునకు, పదుమూడేండ్లు నిండిన కూతురునకు కూడ విధించిరి. లెక్క చూడుడి. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు బిడ్డలు గల ఇంటికి ఏటికి 12 పౌనులు, అనగా 240 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగులు తెచ్చు తండ్రి ఏడాదియంతయు తినక దాచినను 168 షిల్లింగులే. ఇది పన్ను కాదు, ఇంటిని కూల్చు గునపము. అనేకులు మరల ఒప్పందము వ్రాసి కొట్టములలోనికే పోయిరి.

అదే 1903వ సంవత్సరమున నెల్లూరు ప్రాంతము నుండి జాన్ రంగయ్యగారు నేటాలు చేరిరి. ఆయనను పంపినది తెల్లవారి మిషను కాదు, తెలుగు బాప్తిస్టు హోం మిషను సొసైటీ. దాని వెనుక కథ ఇది. 1876-78 నాటి కరవు తరువాత నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల పేదలు వేలకొలది క్రీస్తును అంగీకరించిరి. 1878 జులై 3న క్లౌ దొరగారి ఒంగోలు మిషనులో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి తెలుగు సంఘములన్నియు ఎరుగును. ఆ సంఘముల బిడ్డలలో కొందరు పిమ్మట కూలి ఒప్పందముపై నేటాలుకు పోయి, డర్బనుకు ఉత్తరముగా స్టాంగరు దగ్గర కియర్స్నీ తేయాకు తోటలలో పనిచేసిరి. మాకు మా భాషలో చెప్పువారు కావలెనని వారే అడిగిరి. అచట మిషనరీలు లేక కాదు. వెస్లియన్ మిషనుకు చెందిన రాల్ఫ్ స్టాట్ గారు 1862 నుండియే భారతీయుల మధ్య పనిచేసిరి. ఆయన అంతకు ముందు సింహళములో తమిళుల మధ్య ఉండినవారు. మన కరీంనగరు వైపునకు సువార్త తెచ్చినదియు ఆ వెస్లియన్ మిషనే గనుక ఈ సంగతి మనకు ఆసక్తికరము. అయితే తమిళము వచ్చిన దొర ఎంత మంచివాడైనను తెలుగు తల్లి తన బిడ్డ రోగమును గూర్చి ప్రార్థింపుమని ఆయనకు చెప్పుకొనలేదు గదా.

1903 డిసెంబరులో కియర్స్నీలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. రంగయ్యగారు 1915లో చనిపోవువరకు తోటల వెంబడి సంఘములు కట్టిరి. ఆ సంఘములు ఆదివారపు ఆరాధనకు మాత్రమే పనికి వచ్చెనని తలంచరాదు. పిల్లనిచ్చుటకు బంధువులు లేని దేశములో సంఘమే బంధువర్గము. పెండ్లికి సాక్షులు అక్కడివారే, పుట్టిన బిడ్డ పేరు వ్రాయు పుస్తకము అక్కడిదే.

ఆ పుస్తకపు విలువ 1913లో తెలిసెను. ఆ యేడు మార్చి 14న కేపు సుప్రీంకోర్టులో జస్టిస్ సర్ల్ ఒక తీర్పు చెప్పెను. క్రైస్తవ పద్ధతిన జరుగని, అధికారి యెదుట రిజిస్టరు కాని వివాహము ఆ దేశమున చెల్లదనెను. ఒక్క మాటతో హిందూ, ముస్లిము భార్యలు భార్యలు కాకుండ పోవు పరిస్థితి వచ్చెను. వారి బిడ్డలకు వారసత్వము సందేహములో పడెను. సంఘ రిజిస్టరులో పేరున్న క్రైస్తవ స్త్రీకి మాత్రము ఆ భయము లేదు. ఇది మనవారికి సంతోషకరమైన సంగతి అని కొందరు అనవచ్చును. నేను అనను. ఒకే కొట్టములో, ఒకే గోడకు అటు ఇటు ఉన్న ఇద్దరు తెలుగు స్త్రీలలో ఒకతె భార్య, ఒకతె కాదు అని చెప్పు చట్టము ఇద్దరికిని అవమానమే.

ఆ తీర్పు తరువాతనే స్త్రీలు సత్యాగ్రహములో దిగిరి. కస్తూరిబా గాంధీ మొదలగువారు 1913 సెప్టెంబరులో సరిహద్దు దాటి జైలుకు పోయిరి. మరియొక స్త్రీల గుంపు న్యూకాజిల్ బొగ్గు గనులకు పోయి, 3 పౌనుల పన్ను పోవువరకు పని మానుడని కార్మికులకు చెప్పిరి. చంకన బిడ్డలతో వచ్చిన స్త్రీల మాట విని గనివారు బయటికి వచ్చిరి. సింగరేణి సమ్మెలను చూచిన మన గోదావరిఖనివారికి ఆ దృశ్యము వివరింపనక్కరలేదు. నవంబరులో వేలమంది కాలినడకన ట్రాన్స్‌వాలు వైపు సాగిరి. జైలు జ్వరముతో వచ్చిన వల్లియమ్మ అను పదునారేండ్ల తమిళ బాలిక 1914 ఫిబ్రవరిలో మరణించెను. ఆ సంవత్సరమే ఒక చట్టముతో పన్ను రద్దయి, ఏకపత్నీ వివాహములు ఏ మతమువారివైనను చెల్లుబాటయ్యెను. నేటాలు వచ్చిన ఏబది నాలుగేండ్లకు వారి కాపురమును ఆ దేశము కాపురమని ఒప్పుకొనెను.

మనుష్యులను మాత్రము దేశస్థులని ఒప్పుకొనుటకు ఇంకను సమయము పట్టెను. 1950 నాటి గ్రూపు ఏరియాల చట్టముతో జాతివారీగా నివాసములు విడదీసిరి. డర్బనులో మునిసిపాలిటీ పనివారు తరతరములుగా ఉన్న మేగజీన్ బ్యారక్సు నుండి 1960ల దశకమున కుటుంబములను చాట్స్‌వర్తు అను కొత్త పేటకు తరలించిరి. అన్నదమ్ములు ఒకే పొయ్యి చుట్టు బ్రతికిన ఇండ్లు చిన్న చిన్న ఇండ్లుగా చీలిపోయెను. భారతీయులు ఆ దేశపు శాశ్వత ప్రజలని ప్రభుత్వము అంగీకరించినది 1961లో, అనగా ట్రూరో ఓడ వచ్చిన నూటొక్క సంవత్సరమునకు. అందరికిని సమానమైన ఓటు 1994లో వచ్చెను. ఈ మధ్యలో తెలుగు భాష ఇండ్లలో సన్నగిల్లెను. 1931లో స్థాపించిన ఆంధ్ర మహాసభ దానిని నిలుపుటకు ఎంతో పాటుపడెను గాని మనుమలు ఆంగ్లమే మాటలాడిరి.

ఇప్పుడు మన సంగతికి వత్తము. నేటాలులో భారతీయ కూలీలపై ఒక అధికారి ఉండెడివాడు. ఆయన పేరు వలసవారి సంరక్షకుడు. మన దేశములో 1983 నాటి వలసల చట్టము క్రింద గల్ఫు పోవువారిని చూచు అధికారికిని దాదాపు అదే పేరు, హైదరాబాదులోను అట్టి కార్యాలయము ఉన్నది. పేర్లు మారలేదు. నియమములలోను ఒకటి మారలేదు: ఎవరు కాపురము తేవచ్చునో జీతమును బట్టి నిర్ణయించుట. గల్ఫు దేశములలో కుటుంబ వీసాకు ఇంత జీతము ఉండవలెనని హద్దు ఉన్నది. నర్సుకు, ఇంజనీరుకు అది అందును. తాపీ పనివానికి, ఒంటెల కాపరికి అందదు. మన వారిలో అధికులు ఆ రెండవ తరగతివారే.

అందిన వారికి సైతము మొదట అడుగు కాగితము వివాహ ధ్రువపత్రము. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము మన కాపరులు వ్రాయు రిజిస్టరులోనిదే ఆ కాగితము. అది ప్రభుత్వ ముద్రలు పడి రాయబార కార్యాలయము దాక పోవలెను. పిల్ల పేరు బాప్తిస్మపు రిజిస్టరులో ఒక విధముగా, బడిలో మరియొక విధముగా, పాస్‌పోర్టులో ఇంకొక విధముగా ఉన్నచో నెలలకొలది తిరుగవలసి వచ్చును. పెండ్లి దినమున భోజనముల తొందరలో సంతకములు వెనుక పెట్టుకొందమని చెప్పు పెద్దలు దయచేసి ముందు ఆ పుస్తకమును తెప్పించి, పాస్‌పోర్టు ప్రక్కన పెట్టి అక్షరమక్షరము సరిచూచి, అప్పుడు వధూవరులను భోజనమునకు లేపవలెను.