బొగ్గు దుమ్ముకు బెల్లం, మునగాకు ఎంతవరకు పనిచేస్తాయి?

గోదావరిఖని, రామగుండం చుట్టుపక్కల చిన్న రైతుల ఇళ్లలో ఒకరు పొలం చూసుకుంటే మరొకరు బొగ్గుబాయికో, ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తీసే కాంట్రాక్టు పనికో వెళ్లడం మామూలే. దుమ్ములో పనిచేసి వచ్చినవారికి బెల్లం ముక్క పెట్టడం పాత అలవాటు. ఇప్పుడు దానికి తోడు ‘ఊపిరితిత్తులు శుభ్రం చేస్తాయి’ అంటూ పొడులు, కషాయాలు కూడా అమ్ముతున్నారు. వీటిలో ఏది ఎందుకు పనికొస్తుందో తెలిస్తే డబ్బూ మిగులుతుంది, ఆలస్యమూ తప్పుతుంది.

బెల్లం సంగతి

బెల్లం మీద నమ్మకం పూర్తిగా గాలిమాట కాదు. లక్నోలోని పారిశ్రామిక విష పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఎలుకల ఊపిరితిత్తుల్లోకి బొగ్గు, సిలికా దుమ్ము ఎక్కించి, కొన్నింటికి బెల్లం తినిపించి చూశారు. బెల్లం తిన్నవాటిలో దుమ్ము ఊపిరితిత్తుల నుంచి పక్కనున్న లింఫు గ్రంథులకు ఎక్కువగా చేరిందని 1994లో ప్రచురించారు. గ్రంథుల్లోకి చేరడమంటే ఒంట్లోంచి బయటికి పోవడం కాదు. పైగా అది ఎలుకల మీద చూసిన ఫలితం. ఏళ్ల తరబడి దుమ్ము పీల్చిన మనిషిని బెల్లం కాపాడుతుందని దాన్నిబట్టి చెప్పలేం. ఇష్టమైతే చిన్న ముక్క తినండి. షుగరు ఉన్నవారికి మాత్రం బెల్లమూ చక్కెరే.

దుమ్ము వల్ల ఊపిరితిత్తి గట్టిపడే జబ్బును న్యుమోకోనియోసిస్ అంటారు. ఒకసారి గట్టిపడిన భాగాన్ని మామూలు స్థితికి తెచ్చే ఆకు గానీ, మాత్ర గానీ లేదు. మొదట్లో ఏ బాధా తెలియదు, ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. తర్వాత పొడి దగ్గు, గట్టు ఎక్కితే ఆయాసం మొదలవుతాయి. సిలికా దుమ్ము పీల్చినవారికి టీబీ వచ్చే ముప్పూ ఎక్కువే. అందుకే రెండు వారాలు దాటిన దగ్గుకు కషాయం తాగుతూ కూర్చోవద్దు. ప్రభుత్వ ఆస్పత్రిలో కఫం పరీక్ష ఉచితం.

గనిలో పనిచేసేవారికి నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష జరగాలని నిబంధనలు చెబుతున్నాయి. కాంట్రాక్టు కార్మికులకూ ఇది వర్తిస్తుంది. ఎక్స్‌రే, పరీక్ష కాగితాలు, పనిచేసిన కాలానికి రుజువులు ఇంట్లో దాచుకోండి. ఈ జబ్బుకు చట్టప్రకారం పరిహారం అడగాల్సి వస్తే అవే అక్కరకొస్తాయి. పొడి డబ్బా బిల్లు అక్కరకు రాదు.

మునగాకు దేనికి మంచిది?

మునగాకు దుమ్మును కడగదు, ఒంటికి పోషణ ఇస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో సుమారు 4.5 మిల్లీగ్రాముల ఇనుము, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెద్ద స్త్రీకి రోజుకు కావలసిన ఇనుము 29 మిల్లీగ్రాములు. పప్పులో గుప్పెడు ఆకు వేస్తే ఎంత వస్తుందో మీరే లెక్క వేసుకోవచ్చు. ఆకుకూర రోజూ తినండి, పైన నిమ్మరసం పిండండి, అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువున్న స్త్రీలు, 11 కంటే తక్కువున్న గర్భిణులు ఆస్పత్రిలో చూపించుకుని ఇనుము మాత్రలు వాడాలి. మునగపొడి ఆ మాత్రలకు బదులు కాదు.

ఆకు ఎక్కడిదన్నది ఈ ప్రాంతంలో ముఖ్యం. డంపర్లు తిరిగే రోడ్డు పక్క, బూడిద ఎగిరే చోట కోసిన ఆకు మీద ఏం పేరుకుందో కంటికి తెలియదు. గని నీరు పారే కాలువ ఒడ్డున పొన్నగంటి కూర ఎంత లేతగా ఉన్నా కోయవద్దు. ఆకుకూరలు నేలలోని భార లోహాలను పీల్చుకుంటాయి, అవి కడిగితే పోవు. పెరట్లో రోడ్డుకు దూరంగా రెండు మునగ చెట్లు చాలు. పీకేఎం-1 రకాన్ని విత్తనంతో వేసుకుని, మూడడుగుల ఎత్తులో తల తుంచితే కొమ్మలు గుబురుగా వచ్చి ఆకు చేతికందుతుంది. గొంగళి పురుగు పడితే గుంపుగా ఉన్న కొమ్మను కోసి కాల్చేయండి. తినే ఆకు మీద మందు కొట్టవద్దు.

పొడి కోసం ఆకును రెండు మూడు నీళ్లలో కడిగి, నీడలో గుడ్డ మీద ఆరబెట్టాలి. చేత్తో నలిపితే గలగలమనాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. కిలో పచ్చి ఆకుకు పావుకిలోకి మించి పొడి రాదు కాబట్టి, మరీ చవకగా అమ్మే పొడిని అనుమానించాల్సిందే.

జాగ్రత్త పడాల్సినవారు

కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మాత్రలు లేదా షుగరు మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా ఏ ఆకు పొడీ రోజూ వాడవద్దు. మునగ వేరు, బెరడు గర్భిణులు తీసుకోకూడదు. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం విపరీతంగా తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో రాశారు. అదే పోలికతో ఉండే వేరే తీగ వల్ల కావచ్చని ఆయుష్ శాఖ అన్నది. అశ్వగంధతోనూ కాలేయ సమస్యలు నమోదయ్యాయి. ఇలాంటివి వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సహించకపోయినా వెంటనే ఆపి, ఆ పొడి పొట్లం చేత పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి.