తీగ దారిలో నీటి గుంటలు

మా మోమిన్‌పేట్ వాళ్లం రైలెక్కాలంటే వికారాబాద్ పోతాం. తాండూరు, వికారాబాద్ మీదుగా వెళ్లే వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో మొదలైంది. పట్టాల పక్కన టెలిగ్రాఫ్ తీగ కూడా వచ్చింది. నిజాం ఏలిక, ఇంగ్లీషు కంపెనీల పెట్టుబడి గురించి పుస్తకాల్లో చదువుతాం. ఆ తీగలు ఎవరి అడవిలోంచి, ఎవరి నీళ్ల పక్కనుంచి పోయాయో మాత్రం వాటిలో ఉండదు. ఈ ప్రశ్నకు జవాబు దొరికే కథ ఒకటి ఆస్ట్రేలియాలో ఉంది. అది మనకు మరీ దూరం కాదు. అక్కడి నుంచి లండన్‌కు వార్త పోవాలంటే జావా, సింగపూర్, మద్రాసు దాటి, మన దక్కన్ మీదుగా బొంబాయి చేరి, మళ్లీ సముద్రంలో దిగేది.

ఆ ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి కోస్తూ 1870లో తీగ వేయడం మొదలుపెట్టారు. సుమారు 3,200 కిలోమీటర్లు, 36,000 స్తంభాలు, ఒకే ఒక ఇనుప తీగ. పని నడిపించిన దొర చార్లెస్ టాడ్. నడుమ ఎడారి, ఉత్తరాన నెలల తరబడి వాన, బురద. ఎద్దుబండ్లు దిగబడి పని ఆగిపోయింది. చివరికి 1872 ఆగస్టు 22న రెండు కొసలు కలిపారు.

దూరం పోయేకొద్దీ తీగలో సంకేతం బలం తగ్గుతుంది. అందుకే ప్రతి రెండు మూడు వందల కిలోమీటర్లకు ఒక స్టేషన్ కట్టి, అక్కడి మనిషి విని మళ్లీ పంపేవాడు. మనిషి ఉండాలంటే నీళ్లు కావాలి, గుర్రాలకూ గొర్రెలకూ కావాలి. కాబట్టి స్టేషన్లన్నీ నీళ్లున్న చోటే వచ్చాయి. ఆ నీళ్లు అప్పటికే ఎవరివో! వేల ఏళ్లుగా అక్కడి ఆదివాసులు తాగినవి, వేటకు నమ్ముకున్నవి. టాడ్ భార్య ఆలిస్ పేరు ఒక నీటి మడుగుకు పెట్టారు. ఈనాటి ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం పేరు అదే. ఆ నేలను అర్రెర్న్‌టె ప్రజలు మ్బాంట్వ అంటారు.

అక్కడి వాళ్లు స్తంభాల మీది పింగాణీ, గాజు బుడ్లను తీసి ఈటె మొనలు చెక్కుకున్నారు. తెల్లవాళ్లు దీన్ని దొంగతనం అన్నారు. మాకైతే అది చేతి నేర్పు. 1874 ఫిబ్రవరిలో బ్యారో క్రీక్ స్టేషన్‌పై కయిటెట్ ప్రజలు దాడి చేశారు, ఇద్దరు సిబ్బంది చనిపోయారు. తరువాత పోలీసు గుంపులు వెతికి వెతికి చంపిన ఆదివాసుల లెక్క సరిగా ఎవరూ రాయలేదు. చనిపోయిన ఇద్దరి పేర్లు మాత్రం నేటికీ దొరుకుతాయి.

ఇప్పుడు మన జిల్లాకే రండి. పూడూరు మండలంలోని దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలను నౌకాదళానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. సముద్రం లోపల తిరిగే జలాంతర్గాములకు ఇక్కడి నుంచి సందేశం పంపుతారట. మామూలు రేడియో అల ఉప్పు నీటిలోకి దిగదు. చాలా తక్కువ పౌనఃపున్యం గల అల కొన్ని మీటర్ల లోతుకు దిగగలదు. దాని పొడవు పది కిలోమీటర్లకు పైనే కాబట్టి యాంటెన్నాలకు అంత జాగా కావాలి. ఇలాంటి కేంద్రం తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో 1990 నుంచి ఉంది. దేశానికి అక్కర లేదని మేము అనడం లేదు. కానీ మూసీ పుట్టే అనంతగిరి గుట్టల చుట్టు అడవి ఇది, ఇక్కడ పశువులు మేపుకునే తండాలున్నాయి, రామలింగేశ్వరుడి గుడి ఉంది. గుడికి, మేతకు దారి ఏమవుతుందని ఊళ్లవాళ్లు అడిగితే దాన్ని అభివృద్ధికి అడ్డు అనకూడదు.

స్తంభాల లెక్క కంపెనీలు రాసుకుంటాయి. గుంటల లెక్క మనమే రాయాలి. ఈ ఏడాది మా పిల్లల చేత, అడవి అంచు ఊళ్లలోని ముసలవ్వలను, పశువుల కాపరులను అడిగించి కుంటలు, చెలిమెలు, ఊటల పేర్లు నోటుబుక్కులో ఎక్కిస్తున్నాం. ఒకే కుంటకు తండాలో ఒక పేరు, ఊళ్లో ఇంకో పేరు వస్తోంది. రెండూ రాయమంటున్నాం.